ఉడుము పెట్టెకు లక్క ముద్ర

నంద్యాలలో దూదేకుల ఫకీరప్పకు లోకంలో రెండింటి మీదే నమ్మకం. ఒకటి దూది ఏకే తన విల్లు, రెండోది తన ఉడుము. పెళ్లాం మాబున్నీ మీద కూడా ఉండేదే. కానీ ఒకరోజు ఆమె ఉడుమును కింది నుంచి పైదాకా చూసి, "కంజీరకు వీటి తోలే బిగిస్తారంట గదా" అని ఊరికే అంది. అప్పటినుంచి ఆ నమ్మకం కాస్త సడలింది. భజన గుంపు వీధిలోకి వస్తే చాలు, ఫకీరప్ప ఉడుమును చంకన పెట్టుకుని తలుపు గడియ వేసేవాడు.

ఆ ఉడుము కోయిలకుంట్ల నుంచి వచ్చిన పత్తి బోరెంలో దొరికింది. అప్పుడది జొన్న కంకంత. ఆ గోనె విప్పి పత్తి గుమ్మరిస్తే దాంతోపాటు జారి పడి, ఫకీరప్ప బొటనవేలు పట్టుకుని వదల్లేదు. ఉడుము పట్టు అంటే ఏమిటో ఆ పూట ఇంటిల్లిపాదికీ తెలిసింది. పొద్దుగుంకే వేళకు అది తనంతట తాను వదిలేసరికి, "ఇంతసేపు నన్ను పట్టుకున్నోళ్లు ఇంతవరకు ఎవరూ ల్యారు" అని ఫకీరప్ప దాన్ని ఇంట్లోనే ఉంచేసుకున్నాడు. తిని పడుకోవడం తప్ప వేరే పని లేదు కనుక నవాబు అని పేరు పెట్టాడు.

పని లేదనడం కూడా అన్యాయమే. పత్తి కొరికే ఎలుకలు దాని వాసనకే మూటాముల్లె సర్దుకుని పక్క వీధి బియ్యం అంగడికి కాపురం మార్చాయి. మూడేళ్లలో నవాబు బాగా పెరిగింది. మాబున్నీ లెక్కకు అది రెండు మూరలు, ఫకీరప్ప లెక్కకు మూడు. బజారు లెక్కకు మాత్రం తోక గుమ్మంలో ఉండగానే తల వీధి చివర కొళాయి దగ్గర నీళ్లు తాగేది.

దూదేకులవాడికి చలి అంటే తెలిసిన మందు ఒకటే, దూది. నవాబుకు పూర్తిగా ఒడ్డూ పొడుగూ వచ్చిన ఏడాది చలికాలంలో అది గుడ్డు ముట్టక, మూలకు ముడుచుకుంటుంటే ఫకీరప్ప గుండె కరిగింది. అప్పుడే ఏకిన దూదిని గంప నిండా పరిచి, నడుమ ఉడుమును పెట్టి, పైన ఇంకో పొర కప్పి, గంపను పొయ్యి పక్కన పెట్టాడు. పెళ్లికొడుకు పరుపుకు కూడా అంత మంచి దూది పెట్టలేదు. ఆ వెచ్చదనానికి నవాబుకు నిద్రా పట్టలేదు, ఆకలీ వేయలేదు. రాత్రనక పగలనక గంపలో గీరుతూ కూచుంది. పుష్యమాసం వచ్చేసరికి అరటి బోదెలాంటి తోక పలుపుతాడైంది.

ఎవరో దాని కొవ్వు తీస్తున్నారని ఫకీరప్ప తేల్చేశాడు. ఎవరో కూడా తెలుసు. ఎదురింటి రామసుబ్బమ్మ. మిద్దె మీద గది ఉన్న ఇల్లు ఆ వీధిలో ఆమెదొక్కటే. గదికి మెట్లు లేవు. నిచ్చెన వేసుకుని ఎక్కి, దిగాక నిచ్చెనను లోపల పెట్టి తాళం వేసుకునే మనిషి. ఆమె ఒకసారి గడప మీద కూచుని మోకాళ్లు రుద్దుకుంటూ అడిగింది.

"ఏమప్పా ఫకీరప్పా, ఉడుము కొవ్వు కీళ్లకు మంచిదంటారే, నిజమేనా?"

"మాకు తెల్దమ్మా."

"అడిగితే తప్పేముందిలే. అట్ల చూస్తావేంది?"

అట్లా చూడడం ఫకీరప్ప ఆ రోజు మొదలుపెట్టి ఏడాది దాకా ఆపలేదు. నవాబు చావు తప్పి బతికింది, ఎండలు రాగానే గుడ్లు మింగి మళ్లీ ఒళ్లు చేసింది. కానీ వచ్చే చలికాలం దాన్ని ఎలా కాపాడాలన్న దిగులు మాత్రం ఆయన్ను వదల్లేదు. ఉడుముది ఉడుము పట్టయితే, దిగులుది దాని తాత పట్టు.

అప్పట్లో కర్నూలు రాజధాని. ఆఫీసర్లకు పరుపులు కావాలి కనుక ఊరూరా దూదేకులవాళ్లకు చేతినిండా పని. ఆ కార్తీకంలో ఆళ్లగడ్డ శిల్పి వీరాచారి, ఇంట్లో పరుపులన్నీ విప్పి ఏకి కుట్టాలని ఫకీరప్పకు కబురు పెట్టాడు. ఫకీరప్ప భుజాన విల్లు, చేతిలో గోనెసంచి పట్టుకుని బస్సు ఎక్కాడు. సంచి కదులుతుంటే పక్కనున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి వెనక్కి పోయారు. ఆళ్లగడ్డ దాకా ఆయన సీటంతా పరుచుకుని దర్జాగా కూచున్నాడు.

వీరాచారి చూరు కింద ఉలి పట్టుకుని, సగం చెక్కిన నంది మూపురం మీద కూచుని ఉన్నాడు. సంచిని చూశాడు.

"దూదికి చిన్న సంచి తెచ్చినావే. అందులో ఏందప్పా?"

"ఏం లేదు."

"ఏం లేనిది కాళ్లాడిస్తాండాదే."

దాచి లాభం లేక ఫకీరప్ప సంచి మూతి విప్పాడు. కళ్లు మాత్రం వీరాచారి చేతుల మీదే పెట్టాడు. రాళ్లు కొట్టేవాళ్లకు కూడా కీళ్లు నొస్తాయి గదా. వీరాచారి వంగి చూసి నవ్వాడు.

"దీన్ని చంకన పెట్టుకుని ఊళ్లు తిరగడమేంది? ఇది పండుకునే కాలమొచ్చె."

"పండుకుంటే సత్తాదన్నా. పోయినేడు దూదిలో పెట్టి పొయ్యి కాడ వెచ్చగా సాకినా. అయినా ఈనెపుల్లయింది. ఎవరో ఏందో చేస్తాండారు."

"చేసింది నువ్వే." వీరాచారి ఉలి కింద పెట్టాడు. "మేము చలికాలం కొండలో రాయి చీలిస్తే, సందుల్లో ఇవి దొరుకుతాంటాయి. పట్టుకుంటే రాయి ఏదో ఉడుము ఏదో తెలీదు, అంత సల్లగా ఉంటాయి. మూడు నెలలు తిండి ల్యా, నీళ్లు ల్యా. లేచి పోయేటప్పుడు కూడా తోక పండుకునేటప్పుడు ఎంత లావుందో అంతే ఉంటాది. వెచ్చగా పెడితే ఒంట్లో కొవ్వు కరిగిపోతాది. దానికి నీ దూది వద్దు. సల్లని రాయి, చీకటి, అడుగున కాస్త తేమ మట్టి. అంతే."

ఫకీరప్పకు ఇది నమ్మబుద్ధి కాలేదు. తాత ముత్తాతల నుంచి దూది వద్దన్న ప్రాణిని ఆయన చూడలేదు. ఈ ఆచారికి రాయి అమ్ముకునే ఎత్తు ఉందేమోనని కూడా అనిపించింది. కానీ వీరాచారి పెరట్లోంచి మూల పగిలిన నీళ్ల తొట్టి ఒకటి చూపించి, "గుడికని చెక్కితే బీట ఇచ్చింది. పరుపుల కూలికి సరి, తీసుకుపో. ఆ బీట గాలికి పనికొస్తాది" అన్నాడు. మూతకు నాపబండ కూడా సమంగా కొట్టించి ఇచ్చాడు. బండి కట్టించే ముందు మరీ మరీ చెప్పాడు.

"పెట్టే ముందు పది దినాలు తిండి మాన్పించు. కడుపులో తిండి ఉంటే కుళ్లుతాది. ఒకసారి మూత వేసినాక శివరాత్రి దాకా తియ్యగాకు. రోజూ తీసి చూస్తే వెలుతురు తగిలి, చెయ్యి తగిలి లేస్తాది. లేసిన ప్రతిసారీ నెల బతుకు పోతాది."

"నేనెందుకు తీస్తానన్నా?"

వీరాచారి ఆయన ముఖం వంక చూసి, బండి కట్టమని కేకేశాడు.

రాతి తొట్టి సిరివెళ్ల మీదుగా ఎద్దులబండిలో రెండో రోజు పగటిపూట నంద్యాల చేరింది. ఐదుగురు పట్టి దించారు. దూది పనివాడింటికి రాతిపెట్టె ఎందుకో వీధికి బోధపడలేదు. దూదికి చెదలు పడుతుంది గానీ దొంగలు పడరు గదా. వంటింటికి దూరంగా ఎండ పడని మూలలో తొట్టి పెట్టి, తడి ఆరీ ఆరని ఎర్రమట్టి పరిచి, పది రోజులు తిండి మాన్పించిన నవాబును దించి ఫకీరప్ప నాపబండ మూత వేశాడు.

మూత వేసిన మూడో రోజు ఉదయం నాపబండ జరిపి చూశాడు. ఉంది. నాలుగో రోజు చూశాడు. ఉంది గానీ కదలడం లేదు. అయిదో రోజు వేలితో పొడిచాడు. నవాబు ఒక కన్ను తెరిచి, ఆ కన్నుతోనే నాలుగు తిట్టి మూసుకుంది. ఆ తర్వాత ఎదురింటి వాకిట్లో ముగ్గు పడకముందే బండ జరిపే చప్పుడు వినిపించేది.

"ఆచారన్న తియ్యొద్దన్నాడని నువ్వే చెబితివి గదా?" అంది మాబున్నీ.

"తియ్యకపోతే లోపలున్నది ఉడుమో, ఉడుము మాదిరి చెక్కిన రాయో నాకెట్ల తెలుస్తాది? అది శిల్పుల ఊరుమే! ఎవరేం మారుస్తారో!"

"నేను మార్చినానంటావా?"

ఫకీరప్ప బండ సర్దాడు. మాబున్నీ చూస్తూనే ఉంది, పెట్టినప్పుడు లావుగా ఉన్న తోక కొస మళ్లీ సన్నబడుతోంది. చెబితే వినే మనిషి కాదు. ఆమె ఊరుకుంది గానీ ఆలోచన మానలేదు.

సరిగ్గా ఆ రోజుల్లో రామసుబ్బమ్మ బంగారు గొలుసు పోయింది.

మిద్దె మీద గదిలో భోషాణంలో పెట్టానంది. గది తాళం వేసినట్లే ఉంది. నిచ్చెన లోపలే ఉంది. కోడలు లీలావతి మాత్రం, "మా అత్త నా కంట పడకుండా ఆ గొలుసును వారానికొక చోట దాస్తాది. ఈ వారం యాడ దాచిందో" అని పక్కింటివాళ్లతో అంది. కోడలి మాట ఎవరు వింటారు? పైగా మెట్లు లేని మిద్దె ఎక్కాలంటే దొంగ ఏం చేస్తాడో పసిపిల్లలకు కూడా తెలుసు. ఉడుము నడుముకు తాడు కట్టి గోడ మీదికి విసురుతాడు. అది రాయి పట్టుకుందంటే ఏనుగు వేలాడినా వదలదు. ఆ తాడు పట్టుకుని ఎక్కడమే. ఇలా ఎక్కిన దొంగను చూసినవాళ్లు ఊళ్లో ఇద్దరున్నారు. ఒకాయనకు చూపు లేదు, ఇంకొకాయనకు జ్ఞాపకం లేదు.

ఆ వీధిలో ఉడుము ఉన్నది ఒకరింట్లోనే. పైగా ఇరవై రోజులుగా అది ఎవరి కంటా పడలేదు. వీధికి ఇంకేం కావాలి?

హెడ్ కానిస్టేబుల్ శేషయ్య మధ్యాహ్నం భోజనం చేసి, టోపీ సర్దుకుంటూ వచ్చాడు. వెనుక రామసుబ్బమ్మ, ఆమె వెనుక వీధి.

"ఏమప్పా, నీ ఉడుము యాడుంది?"

"నిద్దరపోతాండాది హెడ్డయ్యా."

"మిట్ట మధ్యాన్నమా?"

"ఇరవై దినాలబట్టీ పోతాండాది. శివరాత్రికి లేస్తాది."

వీధంతా గొల్లుమంది. రామసుబ్బమ్మ చెయ్యి తిప్పింది. "విన్నావా హెడ్డయ్యా? నాకు మోకాళ్ల నొప్పికి గంట నిద్దర పట్టదు, వీళ్ల ఉడుముకు మూడు నెలలంట! దాన్ని ఎవరికిచ్చి పంపినాడో! నా గొలుసు ఆ రాతిపెట్టెలోనే ఉంటాది. ల్యాకపోతే దూది ఏకేటోనికి రాతిపెట్టె ఎందుకు?"

"పెట్టె తెరువు" అన్నాడు శేషయ్య.

ఫకీరప్ప పోయి నాపబండ మీద కూచున్నాడు. "తెరిస్తే సత్తాదయ్యా. వెలుతురు తగలకూడదు. ముట్టుకోకూడదు." అంటూనే చూపుడువేలిని పిడికిట్లో దాచుకున్నాడు. ఆ ఉదయం కూడా తానే తెరిచి, వేలితో పొడిచాడు గదా. "నన్ను స్టేషనుకు తీసకపోండి. పెట్టె మాత్రం ముట్టగాకండి."

స్టేషనుకు తానే వస్తాననేవాడిని నమ్మే పోలీసు ఎక్కడా ఉండడు. శేషయ్య అనుమానం రెట్టింపైంది. వంగి తొట్టి మూలనున్న బీటలోంచి టార్చి వేసి చూశాడు. మట్టి, నల్లగా తోక కొస. ఇంకేమీ కనబడలేదు. చెయ్యి పెట్టి వెతకాలంటే మాత్రం ఆయన చెయ్యి ముందుకు రాలేదు. రిటైరు కావడానికి రెండేళ్లుంది, పది వేళ్లతోనే కావాలని ఆయన కోరిక.

అప్పుడు మాబున్నీ వంటింటి గుమ్మంలోంచి నెమ్మదిగా అంది.

"ముద్దర కొట్టి పోండి హెడ్డయ్యా. తాడు చుట్టి, ముడి మీద లక్క పోసి, స్టేషను ముద్దర కొట్టండి. లోపల గొలుసుంటే లోపలే ఉంటాది. దొంగకు ఉడుము కావాలంటే ముద్దర పగలాల్సిందే. శివరాత్రి మర్నాడు మీరే వచ్చి అందరి ముందర తియ్యండి."

ఫకీరప్ప పెళ్లాం వంక అదిరిపడి చూశాడు. శేషయ్యకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. "మాట బాగుందిమే" అని లక్క, ముద్ర తెప్పించాడు. ఎర్రటి లక్క ముడి మీద కరిగి, ఇత్తడి ముద్ర కింద గట్టిపడుతుంటే, హెచ్చరించాడు.

"చూడప్పా, ఈ లక్క మీద గీత పడినా నిన్ను లోపలేస్తా. బండ అంగుళం జరగకూడదు."

ఆ రోజు నుంచి ఫకీరప్పకు నరకం మొదలైంది. చేతులు పొద్దున లేవగానే వాటంతట అవే నాపబండ దగ్గరికి పోయేవి. లక్కను చూసి వెనక్కి వచ్చేవి. చెవి రాయికి ఆనించి వినేవాడు. రాయి రాయిలాగే ఉండేది. ముద్రలో సింహం తలలు మూడే కనిపిస్తున్నాయి, నిన్న నాలుగున్నాయి, ఎవరో మార్చారు అనేవాడు. అసలు నాలుగో తల ఎప్పుడూ వెనుకనే ఉంటుందని మాబున్నీ ఎంత చెప్పినా వినేవాడు కాదు.

వీధిలో ఒక్కరూ పరుపు ఇవ్వలేదు. దూది ఏకేవాడిని ఇంట్లోకి రానిస్తే, వెంట ఉడుము వస్తుందని భయం. విల్లు భుజాన వేసుకుని అవుకు దాకా, సంజామల దాకా తిరిగాడు. అక్కడ కూడా, "ఉడుమాయనవు నువ్వేనా?" అని తలుపు సందులోంచే అడిగారు. ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి వచ్చింది. ముద్ర పడ్డాక ఆ వీధిలో చెప్పు కూడా పోలేదు. "చూస్తిరా? దాన్ని కట్టేసినాక దొంగతనాలే ల్యావు" అని రామసుబ్బమ్మ ఊరంతా చెప్పింది. అంతకుముందు మాత్రం ఎన్ని జరిగాయని ఎవరూ అడగలేదు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది. మర్నాడు శేషయ్య వచ్చి, లక్కను అటూ ఇటూ తిప్పి చూసి, గీత లేదని పలికి, తాడు కోశాడు. రెండున్నర నెలలు ఆ బండ జరపాలని తహతహలాడిన ఫకీరప్పకు ఇప్పుడు చేతులు రాలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. లోపల నవాబు లేకపోతే? ఉండీ చచ్చి ఉంటే?

"నువ్వే తియ్యి" అన్నాడు మాబున్నీతో. ఆమెతో అలాంటి మాట అనడం కంజీర సంగతి తర్వాత అదే మొదటిసారి.

మాబున్నీ బండ జరిపింది. మట్టి, మట్టి రంగులో ఉడుము. కదలిక లేదు.

"సచ్చింది" అన్నారెవరో.

మాబున్నీ తలుపు బార్లా తీసింది. వాకిట్లో ఎండ గదిలోకి పాకి, తొట్టి అంచు ఎక్కి, నెమ్మదిగా ఉడుము వీపు మీదికి దిగింది. వక్క నమిలినంతసేపైంది. అప్పుడు రెండుగా చీలిన నాలుక ఒకటి బయటికి వచ్చి, నంద్యాల గాలి ఎట్లుందో చూసి, మళ్లీ లోపలికి పోయింది. నవాబు కళ్లు తెరిచింది. తొట్టి అంచు పట్టుకుని పైకి లేచింది. తోక ముద్ర కొట్టిన నాడు ఎంతుందో అంతే ఉంది.

ఫకీరప్ప దాన్ని ఎత్తుకుని చంకన పెట్టుకున్నాడు. తోకను ఒకటికి రెండుసార్లు తడిమాడు. పోయినేడు దూదిలో చిక్కింది, ఈ ఏడు తాను రోజూ చూసినన్నాళ్లూ చిక్కింది, ముద్ర పడ్డాక మాత్రం చిక్కలేదు. మాబున్నీ ఆయన పక్కకు వచ్చి, ఎవరికీ వినపడకుండా అంది. "ఆ ముద్దర దొంగకు కాదులే, నీకు."

శేషయ్య మట్టి అంతా కర్రతో కెలికాడు. గొలుసు లేదు. రామసుబ్బమ్మ మూతి ముడుచుకుని ఇంటికి పోయింది.

మర్నాడు ఆమె ఇంటి నుంచే కబురు. తలదిండు గడ్డలు కట్టిందట, ఏకాలట. అయితే ఫకీరప్ప తన ఇంటికి తీసుకుపోకూడదు, ఆమె వాకిట్లో ఆమె కళ్ల ముందరే ఏకాలి. ఉడుమును వెంట తేకూడదు. ఫకీరప్ప పోయి, దిండు విప్పి, పాత దూది కుప్ప పోసి విల్లు మీటాడు. నరం తాడు టంగ్ టంగ్‌మంటూ దూదిని ఎగరేస్తోంది. ఉన్నట్టుండి టింగ్‌మంది. దూది పింజలతో కలిసి గాల్లోకి లేచిన బంగారు గొలుసు విల్లు కొసకు తగులుకుని ఊగింది.

లీలావతి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫకీరప్ప విల్లు అట్లే పట్టుకుని కూచున్నాడు.

రామసుబ్బమ్మ గొలుసును లాక్కుని, ఎండకు పట్టి చూసి, మెడలో వేసుకుని, "చూస్తిరా? ఆ ఉడుమే తెచ్చి దిండులో పెట్టింది" అంది.

"ముద్దర కింద ఉన్నది ఎట్ల తెస్తాది అత్తా?" అంది లీలావతి.

"అందుకే గదా ఇన్నాళ్లు తేలేకపోయింది! ముద్దర తీసిన మర్నాడే దొరికిందా ల్యాదా?"

స్టేషనులో ఆ మాటే రాసుకుని కేసు మూసేశారు.

ఆ తర్వాత వీధిలో పరుపులన్నీ ఫకీరప్పకే వచ్చాయి. నమ్మకంతో కాదు. తమ తమ దిండ్లలో ఏమేం ఉన్నాయో చూసుకోవాలని.

మళ్లీ కార్తీకం వెళ్లింది. నవాబుకు పది రోజులు తిండి మాన్పించి, తొట్టిలో మట్టి మార్చి, దాన్ని పడుకోబెట్టి, బండ జరిపి, ఫకీరప్ప చేతులు కడుక్కున్నాడు. కాసేపు ఆ చేతుల వంకే చూసుకున్నాడు. చొక్కా తొడుక్కుని నేరుగా స్టేషనుకు పోయాడు.

"హెడ్డయ్యా, పెట్టెకు ముద్దర కొట్టాల."

శేషయ్య కాగితం ముందుకు లాక్కున్నాడు. "ఎవరి మీదప్పా అనుమానం?"

"నా మీదే."

శేషయ్య ఆయన్ను కింది నుంచి పైదాకా అనుమానంగా చూసి, లక్క కరిగించమన్నాడు.